పళ్ళెంలో మర్రిచెట్టు

(బెల్లంపల్లిలో జరిగిన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో ఎప్పుడూ బకాయిలు, హెల్తు కార్డులు, లైఫ్ సర్టిఫికెట్లే ప్రస్తావనకు వస్తాయి. అవి రావలసినవే. అయితే ఈసారి ప్రత్యేక సంచిక కోసం వేరే విషయం ఏదైనా ఉండాలని కార్యదర్శిగారు అనుకున్నారు. "మీ చిట్టి చెట్ల సంగతి చెప్పండి" అని నన్ను నిలబెట్టారు. నేను వృక్షశాస్త్రం చదివినవాణ్ణి కాను. ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసి, రిటైరైన తరువాత పదిహేనేళ్ళకు పైగా డాబా మీద కుండీలతో కాలక్షేపం చేస్తున్నవాణ్ణి. ఆ అనుభవంతో తెలిసిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

బోన్సాయ్ అనేది జపాను మాట. బోన్ అంటే పళ్ళెం, సాయ్ అంటే నాటినది. మనవాళ్ళు కొందరు మరుగుజ్జు చెట్టు అంటారు, కొందరు వామన వృక్షం అంటారు. నాకు రెండో పేరే ఇష్టం. వామనుడు పొట్టివాడే గాని తక్కువవాడు కాడు. ఆ సంగతి బలి చక్రవర్తికి కాస్త ఆలస్యంగా తెలిసింది.

ఇది వేరే జాతి చెట్టని, దీనికి ప్రత్యేకమైన విత్తనం ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలాంటిదేమీ లేదు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉంది. సుమారు 5 ఎకరాల మేర విస్తరించి, 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. మన మహబూబ్‌నగర్ పిల్లలమర్రి వయసు ఏడు వందల ఏళ్ళని చెబుతారు. 2017 డిసెంబరులో దాని పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది. లోపల చెదలు పట్టిందని తేలి, మరుసటి ఏడు ఆసుపత్రిలో రోగికి పెట్టినట్టే సెలైన్ సీసాలు వేలాడగట్టి మందు ఎక్కించారు. పేపర్లో ఆ ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. అంతటి మానుకు మూలమైన గింజ ఆవగింజ కన్నా చిన్నది. నేలలో పడితే ఎకరాలు ఆక్రమిస్తుంది. అదే గింజ పళ్ళెంలో పడి, పక్కన కత్తెరతో ఒక మనిషి కూర్చుంటే మూరెడు ఎత్తులోనే ఊడలు దింపుతుంది. తేడా అంతా ఆ మనిషిలో ఉంది.

చెట్టును చిన్నదిగా ఉంచే కిటుకు రహస్యమేమీ కాదు. వేరూ, కొమ్మా త్రాసులో రెండు తట్టలవంటివి. కింద వేరు ఎంత ఉంటే పైన కొమ్మ అంత పెరుగుతుంది. రెండు మూడేళ్ళకోసారి పళ్ళెంలోంచి తీసి, గిరగిరా తిరిగిన వేళ్ళలో మూడోవంతు దాకా కత్తిరించి, కొత్త మట్టిలో మళ్ళీ నాటుతాం. పైన అడ్డదిడ్డంగా వచ్చే చిగుళ్ళను ఎప్పటికప్పుడు గిల్లుతాం. కొమ్మకు తీగ చుట్టి మనకు కావలసిన వంపు తిప్పుతాం. మిగతాది చెట్టే చూసుకుంటుంది.

ఈ కళకు పుట్టినిల్లు చైనా. క్రీ.శ. 706 నాటి ఒక రాకుమారుడి సమాధి గోడ మీద, పళ్ళెంలో చిన్న చెట్లు పట్టుకుని నడిచే సేవకుల బొమ్మలున్నాయి. అక్కడి నుంచి జపాను వెళ్ళి మెరుగులు దిద్దుకుంది. 1923లో టోక్యోను పెద్ద భూకంపం కూల్చివేస్తే, అక్కడి బోన్సాయ్ తోటమాలులు కొందరు చెట్లతో సహా తరలిపోయి, 1925లో ఓమియా అనేచోట ఒక ఊరే కట్టుకున్నారు. మన దేశం సంగతికొస్తే, మైసూరులో అవధూత దత్తపీఠం వారి తోటలో 2016 డిసెంబరులో 2,649 బోన్సాయ్ చెట్లను ఒక్కచోట ప్రదర్శించి గిన్నిస్ రికార్డు నెలకొల్పారు. అంతదూరం పోలేనివారు రాజమహేంద్రవరం దగ్గర కడియం నర్సరీలకు వెళ్ళి చూడవచ్చు. చూడమంటున్నాను గాని కొనమనడం లేదు. కొనడం గురించి తరువాత చెబుతాను.

హిరోషిమా చెట్టు సంగతి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. జపానులో యమాకీ అనే కుటుంబం తరతరాలుగా బోన్సాయ్ పెంచేది. వారి తెల్ల పైన్ చెట్టు ఒకటి 1625 నుంచి కుండీలో పెరుగుతున్నది. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడినచోటికి వారి ఇల్లు సుమారు 3 కిలోమీటర్ల దూరం. ఇంటి అద్దాలన్నీ పగిలి ఇంట్లోవాళ్ళకు గాజుముక్కలు గుచ్చుకున్నాయి. ఈ చెట్టు మాత్రం నర్సరీ ఎత్తైన గోడ చాటున ఉండి బతికింది. 1976లో అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్ళు నిండిన సందర్భంగా జపాను వారు 53 బోన్సాయ్ చెట్లు కానుకగా పంపితే, మసారు యమాకీ గారు అందులో ఈ చెట్టును ఇచ్చారు. బాంబు వేసిన దేశానికే ఇచ్చారన్నమాట. 2001లో ఆయన మనవలు వాషింగ్టన్ వెళ్ళి తాత చెట్టు ఎక్కడని అడిగి, దాని చరిత్ర చెప్పేదాకా అక్కడివారికి ఆ సంగతి తెలియదు. ఇప్పుడది నాలుగు వందల ఏళ్ళ చెట్టు.

నాలుగు వందల ఏళ్ళంటే ఎంతమంది చేతులు మారి ఉంటుందో ఆలోచించండి. పెంచినవాడు పోతాడు, చెట్టు ఉంటుంది. అయితే తనంతట తాను ఉండదు. పళ్ళెంలో ఉన్నది రెండు దోసిళ్ళ మట్టి. మే నెలలో రెండు మూడు రోజులు ఎవరూ నీళ్ళు పోయకపోతే నాలుగు వందల ఏళ్ళదైనా ఎండిపోతుంది. మన వయసువాళ్ళకు ఇందులో ఒక చిక్కు ప్రశ్న ఉంది. దాని దగ్గరకు వస్తాను. దానికంటే ముందు, నన్ను చూసినప్పుడల్లా అడిగే రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

మొదటిది వాస్తు. ఇంట్లో మరుగుజ్జు చెట్టుంటే ఇంటివాళ్ళ ఎదుగుదల ఆగిపోతుందని అంటారు. అయ్యా, పెన్షనుదారుడికి ఇక ఆగిపోవడానికి ఏ ప్రమోషను మిగిలింది? ఆ భయం ఉన్నవారు డాబా మీద పెట్టుకోవచ్చు. అసలు పెట్టవలసిందీ అక్కడే. బోన్సాయ్ ఎండలో, గాలిలో పెరిగే చెట్టు. టీవీ పక్కన పెట్టుకునే బొమ్మ కాదు. పండక్కో, చుట్టాలొచ్చినప్పుడో ఒక పూట లోపల పెట్టి మళ్ళీ బయట పెట్టాలి.

రెండోది గట్టి ప్రశ్న. ఇది చెట్టును హింసించడం కాదా? మా ఇంటావిడ కూడా మొదట్లో ఇదే అడిగేది. కాదని ఒక్కమాటలో కొట్టిపారేయలేను. తీగ చుట్టి మరచిపోతే అది బెరడులోకి దిగబడుతుంది, ఆ మచ్చ ఏళ్ళ తరబడి పోదు. బజారులో పళ్ళెంలో గుచ్చి అమ్మే కొన్ని మొక్కలను చూస్తే అది హింసేనని నేనూ అంటాను. అయితే చిన్నదిగా ఉండటమే హింస అనడం సరికాదు. గాంధారి ఖిల్లా ఎక్కినవారు రాతి పగుళ్ళలో బతికే చెట్లను చూసే ఉంటారు. మన పాత క్వార్టర్ల గోడల్లో, రైల్వే వంతెన ఇటుకల సందుల్లో పదేళ్ళ రావిమొక్క మోచేయంతే ఉంటుంది. దాని కాండం మాత్రం ముసలిచెట్టు కాండంలాగే ముడతలు పడి ఉంటుంది. అక్కడ దానికి నీళ్ళు పోసేవాడు లేడు, ఎరువు వేసేవాడు లేడు. పళ్ళెంలో చెట్టుకు రెండూ ఉన్నాయి. బాగా పెంచిన బోన్సాయ్ ఏటా చిగురిస్తుంది, పూస్తుంది, కాస్తుంది. ఆకలితో ఉన్న చెట్టు కాయదు.

ఒకమాట మాత్రం ఒప్పుకోవాలి. బోన్సాయ్ పెంచి పర్యావరణానికి మేలు చేశామని ఎవరూ చెప్పుకోవద్దు. దీని కింద పిల్లి కూడా నీడకు పడుకోలేదు. నీడ కావాలంటే నేలలో వేప నాటండి. మరి బోన్సాయ్ ఎందుకంటారా? మనకు నేల లేదు గనక. మన సంఘంలో సింగరేణి నుంచి రిటైరైన మిత్రులున్నారు. క్వార్టరు అప్పగించిన రోజున పెరట్లో తాము పెట్టిన జామచెట్టును, మునగచెట్టును వదిలి రావలసి వచ్చిందని వారు చెబుతుంటారు. ఇక్కడ గనులు ఒక్కొక్కటే మూతపడినప్పుడు శ్రీరాంపూరుకు, గోదావరిఖనికి, భూపాలపల్లికి బదిలీ అయి వెళ్ళిన కుటుంబాలు ఎన్నో. సామాను లారీలోకి ఎక్కింది, చెట్టు ఎక్కలేదు. పళ్ళెంలో చెట్టు ఎక్కుతుంది. అద్దె ఇంట్లో ఉన్నా, ఫ్లాటులో ఉన్నా చెట్టు మన వెంట వస్తుంది. ఇంతకుమించిన కారణం నాకు అక్కరలేదు.

ఇక పెంపకం. మన ఊళ్ళో ఏ చెట్టు బతుకుతుందనేది మొదట చూసుకోవాలి. పుస్తకాల్లో కనిపించే జునిపెరు, పైను, మేపులు మన ఎండకు తగవు. నా మిత్రుడొకరు బెంగుళూరు నుంచి జునిపెరు తెచ్చారు. మంచి ధర పెట్టే కొన్నారు. రోహిణీ కార్తె రాకముందే అది గోధుమరంగుకు తిరిగింది. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే చోట మర్రి, రావి, జువ్వి, మేడి, చింత, కాగితంపూల చెట్టు, దానిమ్మ, నిమ్మ చాలు. బద్ధకస్తులకు ఎడీనియం ఉంది. నాలుగు రోజులు నీళ్ళు మరచిపోయినా అది ఏమీ అనుకోదు.

వీటిలో చింతకు నేను పెద్దపీట వేస్తాను. దాని ఆకు సహజంగానే చిన్నది గనక చెట్టుకు, ఆకుకు పొందిక కుదురుతుంది. బెరడు చిన్నవయసులోనే పగుళ్ళు వారి ముసలితనం తెచ్చుకుంటుంది. పొద్దు గూకేసరికి ఆకులు ముడుచుకుంటుంది. మర్రితో చిక్కేమిటంటే దాని ఆకు పెద్దది. ఆరోగ్యంగా ఉన్న చెట్టుకు ఆకులన్నీ తుంచితే తరువాత వచ్చేవి కొంత చిన్నవవుతాయి గాని చింతాకంత ఎన్నటికీ కావు. దానిమ్మ, నిమ్మల విషయంలో ఇంకో తమాషా ఉంది. చెట్టు చిన్నదైనా కాయ చిన్నది కాదు. జానెడు చెట్టుకు మామూలు సైజు దానిమ్మకాయ వేలాడుతుంటే కొమ్మ విరుగుతుందేమోనని భయం వేస్తుంది. ఒకటి రెండు ఉంచి మిగతా పిందెలు తీసేయాలి.

కొత్తవారు మొదట తెలుసుకోవలసింది ఒకటుంది. పళ్ళెంలో కాండం లావెక్కదు. పెన్సిలంత మొక్కను తెచ్చి వెంటనే పళ్ళెంలో పెడితే పదేళ్ళయినా అది ఇంచుమించు పెన్సిలే. ముందు పెద్ద కుండీలోనో నేలలోనో ఇష్టమొచ్చినట్టు పెరగనిచ్చి, కాండం లావయ్యాక పైన నరికి, కొత్త చిగుళ్ళతో రూపం దిద్ది, అప్పుడు పళ్ళేనికి మార్చాలి. విత్తనం నుంచి మొదలుపెడితే దీనికి చాలా ఏళ్ళు పడుతుంది. డెబ్బై దాటిన మనకు అంత ఓపిక ఉన్నా వ్యవధి ఉండాలి గదా. అందుకు దగ్గరిదారి ఉంది. వానాకాలం ముందు కరెంటు వాళ్ళు తీగెలకు తగులుతున్న కొమ్మలు కొట్టి రోడ్డు మీద పడేస్తారు. వాటిలో మర్రి, జువ్వి కొమ్మలుంటాయి. మణికట్టంత లావు కొమ్మను మూరెడు పొడవున కోసి తెచ్చుకోండి. పాలు కారడం ఆగేదాకా నీడలో ఉంచి, మృగశిర చినుకులు పడ్డాక ముతక ఇసుకలో నాటండి. చాలావరకు వేరు తొడుగుతాయి. పదేళ్ళ కాండం ఒక్క వానాకాలంలో చేతికొస్తుంది. అడవికి వెళ్ళి మాత్రం మొక్కలు పెకలించవద్దు. రిజర్వు ఫారెస్టులో అది నేరం. కేసు వాయిదాలకు తిరిగే వయసు కాదు మనది.

కడియంలోను, హైదరాబాదు నర్సరీల్లోను ఉబ్బిన వేళ్ళతో ముద్దుగా కనిపించే జిన్‌సెంగ్ ఫైకస్‌లు అమ్ముతారు. చైనా నుంచి దిగుమతయ్యే సరుకు అది, పైన వేరే జాతి అంటు కట్టి ఉంటుంది. కొనేవారిని నేను తప్పుపట్టను. కాని తయారైన చెట్టు కొన్నవాడికి నీళ్ళు పోసే పని ఒక్కటే మిగులుతుంది. చెట్టు రూపం మారడాన్ని చూసే సంతోషం అమ్మినవాడి దగ్గరే ఉండిపోతుంది.

మట్టి విషయంలో మనవాళ్ళు వట్టి ఎర్రమట్టి నింపుతారు. అది ఎండితే ఇటుకలా గట్టిపడుతుంది, తడిస్తే వేళ్ళకు గాలి ఆడదు. శనగగింజంత ఇటుక ముక్కలు, ముతక ఇసుక కలిపి రెండు పాళ్ళు, ఎర్రమట్టి ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు నాకు బాగా కుదిరిన లెక్క. జల్లెడ పట్టి పొడిని పారేయాలి. మన ఊళ్ళో బొగ్గుల పొయ్యిలు ఉన్నన్నాళ్ళు, కాలి మిగిలిన గట్టి గడ్డలను దంచి, రెండు మూడు నీళ్ళు కడిగి ఇటుకకు బదులు వాడేవాణ్ణి. తేలికగా ఉండి నీరు బాగా పట్టేవి. బూడిద మాత్రం కలపకూడదు. కుండీలు కూడా ఖరీదైనవే కావాలని లేదు. మా వీధిలో ఒక రిటైర్డు కోల్‌ఫిల్లరు తన పాత తట్టకు అడుగున రంధ్రాలు పెట్టించి అందులో రావిచెట్టు పెంచుతున్నాడు. తట్టా చెమ్మస్‌తో బతుకు వెళ్ళదీసినవాడు. ఆ చెట్టుకు అంతకంటే అందమైన పళ్ళెం నేను ఎక్కడా చూడలేదు.

వంపు తిప్పడానికి అల్యూమినియం తీగ వాడవచ్చు. మోటారు వైండింగు షాపులో కాలిన మోటారు నుంచి తీసిన రాగితీగ కూడా మెత్తగా వంగుతుంది. కొమ్మ లావులో మూడోవంతు తీగ చాలు. చుట్టేటప్పుడు కొమ్మకు ఏటవాలుగా రావాలి. వానాకాలంలో కొమ్మ తొందరగా ఊరుతుంది గనక నెలకోసారైనా చూసి, బిగిసినచోట తీగను ముక్కలుగా కత్తిరించి తీయాలి. విప్పబోతే కొమ్మ విరుగుతుంది.

నీళ్ళదే అసలు పరీక్ష. రోజుకు ఇన్ని చెంబులని లెక్క లేదు. అగరుబత్తి పుల్లను మట్టిలో గుచ్చి పది నిమిషాలాగి తీయండి. తడిగా వస్తే పోయవద్దు, పొడిగా వస్తే అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయండి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దునా, సాయంత్రమూ తప్పదు. మధ్యాహ్నం గ్రీన్‌నెట్ నీడ కావాలి. మనకు ఇంకో బెడద బొగ్గు దుమ్ము. ఎప్పుడో పాతిక కోట్ల ఏళ్ళకు ముందటి అడవి బొగ్గయి, దుమ్మయి, ఇవాళ్టి ఆకు మీదకొచ్చి కూర్చుంటుంది. దుమ్ము పట్టిన ఆకుకు వెలుతురు సరిగా అందదు. వారానికి రెండుసార్లు పైనుంచి నీళ్ళు చిలకరించి ఆకులు కడగాలి. పిండినల్లి కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రంపూట కొట్టండి. ఎరువు కోసం నెలకోసారి చిటికెడు వేపపిండి, ఆముదం పిండి చాలు.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన ప్రశ్న. మనం లేనప్పుడు ఎవరు?

పోవడం మాట అటుంచండి. పిల్లలు ఆరునెలలు అమెరికా రమ్మంటారు. హైదరాబాదులో కంటి ఆపరేషను ఉంటుంది. నేను పాత అలవాటు కొద్దీ నా ఇరవై రెండు చెట్లకూ సర్వీసు రిజిస్టరు పెట్టాను. నవ్వకండి. ప్రతి చెట్టుకూ ఒక పేజీ. ఎక్కడి నుంచి వచ్చింది, నాటిన తేదీ, మట్టి మార్చిన తేదీ, తీగ చుట్టిన తేదీ, తీయవలసిన తేదీ, ఎండాకాలం నీళ్ళెన్నిసార్లు, వానాకాలం ఎన్నిసార్లు. రెండేళ్ళ కిందట మోకాలి ఆపరేషనుకు నేను ఇరవై మూడు రోజులు ఊళ్ళో లేను. అది మే నెల. పైన అద్దెకుండేవారి అమ్మాయి, ఇంటర్ చదువుతున్నది, రిజిస్టరు చూసి నీళ్ళు పోసింది. ఒక్క చెట్టూ పోలేదు. పైగా నేను వచ్చేసరికి నాలుగో నంబరు జువ్వి పేజీలో తన చేతిరాతతో ఒక ఎంట్రీ ఉంది. "తీగ బిగుసుకుంటోంది, కత్తిరించి తీశాను." తేదీ కూడా వేసింది. ఆ రోజు నుంచి ఆ చెట్టు పేజీలో యజమాని పేరు మార్చాను. చెట్టు ఇప్పటికీ మా డాబా మీదే ఉంది, కత్తెర మాత్రం ఆ అమ్మాయిదే.

మా అబ్బాయి హైదరాబాదు వచ్చేయమంటున్నాడు. అతని ఫ్లాటు బాల్కనీలో ఆరు కుండీలకు మించి పట్టవు. కాబట్టి మిగిలినవాటికి ఇప్పటి నుంచే వారసులను చూస్తున్నాను. పది చెట్లకు కుదిరారు, ఇంకా ఆరు మిగిలాయి. ఆఫీసులో బదిలీ అయినప్పుడు ఛార్జిలిస్టు రాసి, వచ్చినవాడి సంతకం తీసుకుని గాని కుర్చీ దిగేవాళ్ళం కాదు గదా. ఇదీ అంతే. ఒకరోజులో అప్పగిస్తే కుదరదు. తీసుకునేవారు నాలుగు వారాలు నా దగ్గరకొచ్చి ఆ చెట్టుకు స్వయంగా నీళ్ళు పోయాలి, ఒక్కసారైనా నా ఎదుట కొమ్మ కత్తిరించాలి. మొహమాటానికి తీసుకుంటామన్నవారికి ఇవ్వలేదు. ఇద్దరు దగ్గరి బంధువులకు కూడా ఇవ్వలేదు, కొంచెం నొచ్చుకున్నారు.

సమయం మించుతున్నదని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. కిందటి వానాకాలంలో పెట్టిన జువ్వి కొమ్మలు పన్నెండు బాగా వేళ్ళు తొడిగాయి. సంచుల్లో పెట్టి అటు గోడ పక్క బల్ల మీద ఉంచాను. కావలసినవారు తీసుకోవచ్చు, డబ్బులేమీ వద్దు. పక్కన రిజిస్టరు ఉంది. మొదటి గడిలో మీ పేరు రాయండి. రెండో గడిలో మీరు ఊళ్ళో లేనప్పుడు నీళ్ళు పోసేవారి పేరు రాయాలి. భార్య పేరైనా సరే, మనవడి పేరైనా సరే, పక్కింటివారి పేరైనా సరే, వారిని అడిగి రాయండి. ఆ గడి ఖాళీగా ఉంటే మొక్క ఇవ్వబడదు.